కాలు తగిలినప్పుడు

బయల్దేరేముందు చిన్న పుస్తకంలో రాసుకున్నాను
ఇరవై మూడు నియమాలు.
గడప తొక్కకూడదు. ఇది తెలుసు,
చిన్నప్పుడు వీపు మీద పడ్డ దెబ్బలతో నేర్చుకున్నది.
ఏదిచ్చినా కుడిచేత్తో పుచ్చుకోవాలి. ఇదీ తెలుసు.
పొయ్యిలో చెత్త వెయ్యకూడదు.
ముప్పై ఏళ్ళు ఆడిట్లు చేసినదాన్ని,
నియమాలతో నాకు పేచీ లేదు.

గాలి గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

దుంద్‌గోబిలో జీపు దిగితే
చూపు ఆనుకోడానికి చెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు.
ఆకాశం నేరుగా వచ్చి మోకాళ్ళ దగ్గర కూచుంది.
"కుక్కల్ని పట్టుకోండి!" అని అరిచాడు డ్రైవర్ ఓయూన్.
ఇక్కడ వాకిట్లో పలకరింపు అదేనట.

తెల్లటి గుడారం, దక్షిణం వైపు వాకిలి.
మా వాస్తు పంతులు చూస్తే అక్కడే కూలబడును.
దుల్మా పోసిన టీలో ఉప్పు.
నాలుక పంచదార కోసం వెళ్ళి
ఉత్త చేతులతో తిరిగొచ్చింది.
తర్వాత గుర్రప్పాలు, తోలుసంచిలో పులిసినవి,
అందరికీ ఒకటే గిన్నె.
లువ్సాన్ తాత మీసాల కిందినుంచి
బిల్గూన్ కారే ముక్కు కిందికి,
అక్కణ్ణించి నా చేతుల్లోకి.

ఎంగిలి.
మీ భాషలో దీన్నేమంటారని ఓయూన్‌ని అడిగాను,
సగం సైగలతో, సగం ఇంగ్లీషుతో.
చాలాసేపు ఆలోచించాడు.
"మిగిలింది" అన్నాడు.
కాదన్నాను.
"పంచుకున్నది?"
కాదు, కాదు.
"అయితే లేదు" అన్నాడు,
వెతికి ఖాళీగా తిరిగొచ్చిన కొట్లో కుర్రాడిలా.

తాగాను. ధైర్యమేం కాదు, అందరూ చూస్తున్నారని.
మజ్జిగకి కోపమొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నిజం చెప్పాలి, ఆ రెండు రోజులూ
నేనేం మంచి అతిథిని కాను.
పెరుగన్నం కలవరించాను.
గొర్రెమాంసం ఉడికే వాసనకి బయటికెళ్ళి
ఎండలో కొయ్యలా నిలబడ్డాను.
చాటు కావాలంటే దుల్మా ఒక గుట్ట చూపించింది.
నడిచేకొద్దీ అది కూడా నాతో నడిచింది.
థాంక్యూ అంటే తలెత్తరు,
ఎందుకంత దూరం పెడతావన్నట్టు.
తలుపు తట్టకుండా ఎవరెవరో వస్తారు,
నా మంచం మీదే కూచుంటారు,
నా పుస్తకం తిరగేసి
అక్షరాల గుండ్రదనానికి నవ్వుకుంటారు.
పొయ్యిలో పిడకలు. తెలిసిన వాసనే.
దాంతో ఊరట కలగాలి కదా,
ఇంకాస్త ఏడుపొచ్చింది.

మూడో రాత్రి
సోలార్ బల్బు మినుకుమంటోంది.
మంచినీళ్ళకని లేస్తే
నా కాలు లువ్సాన్ కాలి మీద పడింది, బరువుగానే.

నా చెయ్యి నన్నడగలేదు.
వంగి, ఆయన్ని తాకి, కళ్ళకద్దుకోడానికి బయల్దేరింది.
ఆయన చెయ్యీ ఆయన్నడగలేదు.
కాలు తగిలితే చెయ్యి కలపాలట, వెంటనే,
లేకపోతే పగట.
గబుక్కున ముందుకొచ్చింది.
రెండు క్షమాపణలూ దారిలో గుద్దుకున్నాయి.
నా కళ్ళజోడు ఎగిరి
దుల్మా పిండి గిన్నెలో పడింది.

కాసేపు పొయ్యి ఒక్కటే మాట్లాడింది.
ఓయూన్ ఆయనకి నా సంగతి చెప్పాడు, నాకు ఆయన సంగతి.
ముసలాయన భుజాలు ముందు కదిలాయి, నవ్వు తర్వాతొచ్చింది.
బిల్గూన్‌కి అదో ఆటైపోయింది:
నా కాలు తొక్కడం, చెయ్యి కలపడం,
ఆ చేతినే కళ్ళకద్దుకోవడం,
పదిసార్లు, పదిహేనుసార్లు,
దుల్మా గరిటె చూపించేదాకా.

తిరుగు ప్రయాణంలో, సోల్ విమానాశ్రయంలో,
సూట్‌కేసు లాక్కుంటూ ఎవరో నా కాలు తొక్కాడు.
చెయ్యి చాచాను.
అతను చేతికేసి చూశాడు, నాకేసి చూశాడు,
జేబు తడుముకుని
జనంలో కలిసిపోయాడు.

అలవాటులో పొరపాటు.
ఎవరి అలవాటని అడక్కండి.
కళ్ళజోడు అంచున ఇంకా కాస్త పిండి ఉంది.